ఫైబర్ తీగ మీద అంకెలు చదవండి: పాత నెట్ లైను మార్చుకునేవాళ్లకు డబ్బు లెక్క

నెలలో ఇరవయ్యో తారీఖు సాయంత్రం మా ఇంట్లో ఎవరూ నన్ను పలకరించరు. షాపులవాళ్లు నెల నెలా పంపాల్సిన పన్ను లెక్కలకు, అంటే జీఎస్టీ త్రీబీ రిటర్నులకు, అదే ఆఖరి రోజు. హైదరాబాద్ వారాసిగూడలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. కిరాణా కొట్లు, రెండు మందుల షాపులు, ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు, ఇలా పద్నాలుగు మంది లెక్కలు నేను రాస్తాను. మొన్న వానాకాలంలో ఒక ఇరవయ్యో తారీఖున పదకొండు రిటర్నులు వెళ్లాయి. పన్నెండోదాని దగ్గర మోడెమ్ మీద లైటు ఆరిపోయింది. ఫోన్ రిసీవర్ ఎత్తితే గరగర తప్ప ఇంకేం లేదు. గడువు దాటితే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, సున్నా రిటర్నయితే 20. అది షాపువాళ్ల జేబులోంచి రాదు, నా జేబులోంచే పోవాలి. మా చిన్నోడి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని ఎలాగో పూర్తి చేశాను. రాత్రి పదకొండున్నరకు ల్యాప్‌టాప్ మూస్తూ, "ఈ లైను తీయించేస్తా" అన్నాను మా ఆయనతో.

అన్నాక పని పూర్తి కావడానికి నలభై రోజులు పట్టింది. కొత్త ఫైబర్ తీగ లాగడానికి పట్టింది రెండున్నర గంటలే. మిగతాదంతా ఎవరికెంత ఇవ్వాలో తేల్చుకోవడానికి, పాత లైను సరిగ్గా మూయించడానికి పోయింది. లెక్కలు రాసే అలవాటు కాబట్టి ప్రతి కాగితం దాచుకున్నాను. ఇక్కడ రాసే అంకెలు ఆ కాగితాల్లోవే. మీ వీధిలో ధరలు వేరుగా ఉండొచ్చు. డబ్బు ఎక్కడెక్కడ అడుగుతారన్నది మాత్రం పెద్దగా మారదు.

మీది పాత లైనేనా

గోడకు టెలిఫోన్ సాకెట్, దాని పక్కన అగ్గిపెట్టెంత స్ప్లిటర్, అందులోంచి ఒక తీగ ఫోన్‌కి, ఇంకొకటి మోడెమ్‌కి వెళ్తుంటే మీది రాగి తీగ లైను. మాటలూ నెట్టూ ఒకే జత తీగల మీద వస్తాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ ఎంత దూరమైతే స్పీడు అంత తగ్గుతుంది. మూడు నాలుగు కిలోమీటర్లు దాటితే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. దారిలో ఎక్కడ జాయింటు తడిసినా గరగర మొదలవుతుంది.

బిల్లు మీద మాత్రం దాన్నీ బ్రాడ్‌బ్యాండ్ అనే రాస్తారు. అబద్ధమేం కాదు, పాతబడిపోయింది అంతే. 2004లో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానం తెచ్చినప్పుడు 256 కేబీపీఎస్ (ఒక ఎంబీపీఎస్‌లో దాదాపు పావు వంతు) స్పీడు వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. 2013లో దాన్ని 512 చేశారు. 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్‌కి పెంచారు. వాన పడ్డ రోజు మా లైను 1.6 ఎంబీపీఎస్ చూపించేది. అంటే సర్కారు లెక్కలో కూడా మాది బ్రాడ్‌బ్యాండ్ కాదు, బిల్లు మీద పేరే. 2017లో ఇదే హైదరాబాద్‌లో ఏసీటీ అనే నెట్ కంపెనీ వాళ్లు 1 జీబీపీఎస్ కనెక్షన్ మొదలుపెట్టారు. మేమేమో ఆ ఊళ్లోనే ఉంటూ యూట్యూబ్ వీడియో తిరుగుతుంటే కళ్లప్పగించి కూర్చున్నాం.

"అన్నీ కలిపి" అంటే ఒప్పుకోకండి

నాలుగు చోట్ల అడిగాను. నలుగురూ విడివిడి లెక్క చెప్పకుండా ఒక్క అంకె చెప్పారు. చివరికి మేం తీసుకున్న కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు గుమ్మంలోనే నిలబడి, "అన్నీ కలిపి మూడున్నర వేలు ఇయ్యండి మేడం, రేపు పొద్దుగాల్నే లైన్ గుంజుతం" అన్నాడు.

"అన్నీ అంటే ఏవేవి బాబూ?"

"అన్నీ అంటే అన్నీ మేడం."

లోపలికి పిలిచి కూర్చోబెట్టి, వోచర్ ప్యాడ్ తీసి ఒక్కొక్కటీ రాయించాను. ఇన్‌స్టలేషన్ 1,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 180. రూటర్ డిపాజిట్ 1,500. ఎక్స్‌ట్రా వైరు 500. ఇక్కడికి 3,180. "మరి మిగతా 320?" అంటే తల గోక్కున్నాడు. "చాయ్‌పానీ మేడం, స్తంభం ఎక్కాలె కదా."

ఆ 320 అక్కడే కొట్టేశాను. చాయ్ ఇంట్లోనే పెట్టిచ్చాను, అది వేరే సంగతి.

మీరూ ఇలాగే రాయించండి. మార్పిడి ఖర్చులో మూడు రకాల డబ్బు కలిసిపోయి ఉంటుంది. ఇన్‌స్టలేషన్ లాంటివి పోయే డబ్బు. డిపాజిట్ తిరిగి రావలసిన డబ్బు. ప్లాన్ తాలూకు అడ్వాన్సు రేపు వాడుకోబోయేదానికి ఇవాళే కట్టే డబ్బు. మూడింటినీ కలిపేస్తే ఏ కంపెనీ చవకో, ఏది ఖరీదో ఎప్పటికీ తెలియదు. మాకు 3,500 చెప్పినవాళ్ల కన్నా 2,200 చెప్పినవాళ్లే నిజానికి ఎక్కువ తీసుకునేవాళ్లు. ఎందుకంటే ఆ 2,200లో తిరిగొచ్చేది ఒక్క రూపాయీ లేదు.

తిరిగొచ్చే డబ్బును పట్టుకోవడానికి మా వృత్తిలో ఒక చిన్న గుర్తుంది. ఒక కంపెనీ పంపిన కొటేషన్‌లో "రూటర్ సెక్యూరిటీ 1,770" అని ఉంది. ఆ అంకె చూడగానే నాకు అనుమానం వచ్చింది. 1,500కి 18 శాతం 270, కలిపితే 1,770. తిరిగి ఇచ్చేసే డిపాజిట్ మీద జీఎస్టీ ఉండదు. అది అమ్మకం కాదు, మీ డబ్బు వాళ్ల దగ్గర దాచడమే. జీఎస్టీ వేశారంటే ఆ రూటర్‌ని మీకు అమ్ముతున్నట్టో, అద్దెకిస్తున్నట్టో లెక్క. ఫోన్ చేసి అడిగితే అవతలి అమ్మాయి కాసేపు లైన్లో ఉంచి, "అది నాన్ రిఫండబుల్ మేడం" అని మెల్లగా చెప్పింది. పేరు సెక్యూరిటీ, పని అమ్మకం. రూటర్ కొనుక్కోవడంలో తప్పేం లేదు, కొంటున్నామని తెలిసి కొనాలి.

రసీదు విషయంలో నేను మొండిదాన్ని. నగదు ఇవ్వలేదు, కుర్రాడి సొంత యూపీఐ నంబరుకూ వేయలేదు. కంపెనీ యాప్‌లోనే కట్టాను. వచ్చిన బిల్లులో జీఎస్టీ నంబరు మొదటి రెండు అంకెలు చూశాను. తెలంగాణలో రిజిస్టరైన వ్యాపారానికి అది 36తో మొదలవుతుంది. సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9 విడివిడిగా ఉండాలి. నెట్ సేవకు బిల్లులో కోడ్ 9984తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఆ నంబరు కొట్టి ఎవరిదో చూసుకోవచ్చు. నంబరే లేని తెల్ల కాగితం రసీదు మీద 18 శాతం వసూలు చేసే కేబుల్ ఆఫీసులు మన బస్తీల్లో తక్కువేం కాదు. నంబరు లేదంటే జీఎస్టీ అడిగే హక్కూ లేదు. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి నెట్‌ని వ్యాపారానికి వాడుతుంటే, కనెక్షన్ ఆ పేరు మీద తీసుకుని మీ నంబరు బిల్లులో వేయించండి. కట్టిన పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే మీరు కట్టవలసిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. దరఖాస్తు రోజే చెప్పండి, తర్వాత మార్పించుకోవడం పెద్ద తలనొప్పి.

తీగ తనే చెప్పిన లెక్క

ఇక ఆ 500 రూపాయల ఎక్స్‌ట్రా వైరు సంగతి. కంపెనీ కాగితంలో నూరు మీటర్ల వరకు తీగ ఉచితం, ఆపైన మీటరుకు పది రూపాయలు అని ఉంది. కుర్రాడు కంపెనీ తీగల డబ్బా ఉన్న స్తంభం వైపు చూసి, "మీ ఇంటికి నూటయాభై పడ్తది" అన్నాడు. నాకు మీటర్లు కంటితో కొలవడం రాదు. "సరే, లాగాక చూద్దాం, ముందు కట్టను" అన్నాను.

మర్నాడు ఇద్దరు వచ్చారు. ఒకతను నిచ్చెన మీద, ఒకతను మా డాబా మీద. నల్లటి సన్న తీగ, చుట్టలోంచి జరజరా వస్తోంది. నేను కిటికీ దగ్గర నిలబడి దాన్ని పట్టుకుని చూస్తుంటే తెల్లటి అక్షరాలు కనిపించాయి. కంపెనీ పేరు, తయారైన సంవత్సరం, ఆపైన ఒక అంకె, దాని పక్కన మీటరు గుర్తు. చేయి జరిపితే కొంచెం దూరంలో మళ్లీ అంకె, ఒకటి ఎక్కువ. ఫైబర్ కేబుల్ మీద ప్రతి మీటరుకూ వరస అంకె అచ్చేసి ఉంటుందని అప్పుడు తెలిసింది. మా గోడ దగ్గర కోసిన కొస మీద 1121 ఉంది. నిచ్చెన మీద అతన్ని, "అన్నా, అక్కడ డబ్బా దగ్గర ఎంతుంది, చదువు" అని అరిచాను. అతను అమాయకంగా చదివేశాడు, "వెయ్యి నలభై మూడు మేడం!"

1121లోంచి 1043 తీసేస్తే 78. నూరు మీటర్లకు ఇంకా 22 తక్కువే. ఎక్స్‌ట్రా వైరు లేదు, 500 లేదు. డాబా మీది కుర్రాడు ఏం మాట్లాడలేదు. నేనూ గొడవ చేయలేదు. రెండు అంకెలూ ఫోటో తీసుకున్నాను, అంతే.

మీరు చేయవలసింది ఇంతే: తీగ రెండు కొసలా కోసేటప్పుడు దగ్గర నిలబడండి, అంకెలు ఫోటో తీయండి. చుట్టలు చుట్టి స్తంభానికి వేలాడదీసే మిగులు తీగ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఎంత మిగులు వదులుతున్నారో ముందే అడగండి. ఐదారు మీటర్లు మిగులు మంచిదే, తెగితే అతికించడానికి పనికొస్తుంది. ముప్పై మీటర్ల చుట్ట మీ డబ్బుతో వేలాడనక్కర్లేదు.

ఇంకో రెండు నిమిషాలు వాళ్లను ఆపండి. ఫైబర్ అతికించేవాళ్ల దగ్గర, తీగలో వచ్చే వెలుతురు ఎంత బలంగా ఉందో చూపే, చేతిలో పట్టే పవర్ మీటర్ ఉంటుంది. మీ ఇంటి కొసను అందులో పెట్టి చూపించమనండి. డీబీఎం అనే కొలతలో మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే హాయి. మైనస్ 27కి దగ్గరపడితే వెలుతురు బలహీనంగా ఉన్నట్టు, ఎక్కడో అతుకు బాగోలేదు లేదా తీగ మరీ మడత పడింది. ఆ రోజే సరిచేయించుకుంటే పైసా ఖర్చుండదు. రెండు నెలలాగి పిలిస్తే విజిటింగ్ ఛార్జీ అంటారు. మాకు మొదట మైనస్ 26 వచ్చింది. కిటికీ చట్రం దగ్గర తీగను మరీ బిగించి మేకు కొట్టారు. వదులు చేశాక మైనస్ 19కి వచ్చింది.

పని అంతా అయ్యాకే ఓటీపీ చెప్పండి. చాలా చోట్ల ఓటీపీ చెప్పిన క్షణం నుంచే ప్లాన్ రోజులు మొదలవుతాయి. "ముందు ఓటీపీ చెప్పండి మేడం, సిస్టంలో ఎక్కించాలె" అంటారు. లైను రాకముందే మీటర్ తిరగడం ఎందుకు?

ఉచిత ఇన్‌స్టలేషన్ ఖరీదు

ఆరు నెలల ప్లాన్ ఒకేసారి కడితే ఇన్‌స్టలేషన్ ఉచితం అన్నారు. మేం తీసుకున్నది నెలకు 599. జీఎస్టీతో 706 రూపాయల 82 పైసలు. ఆరు నెలలకు 4,240 రూపాయల 92 పైసలు. నెల నెలా కడితే ఇన్‌స్టలేషన్ 1,180 విడిగా ఇవ్వాలి. ఆరు నెలలూ లైను బాగుంటే ముందే కట్టినవాళ్లకు 1,180 మిగులుతుంది. నెల తిరిగేసరికి లైను దండగని తేలితే ఐదు నెలల 3,534 ఇరుక్కుపోతుంది.

నేను 1,180 కట్టాను, తెలిసే కట్టాను. మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటాడు. కారణం మా మరిది. ఉప్పల్‌లో వాళ్ల వీధిలోని చిన్న కేబుల్ ఆఫీసులో ఏడాది ప్లాన్ 8,481 రూపాయలు కట్టాడు. రెండు నెలలు నెట్ బ్రహ్మాండం. మూడో నెలలో తీగ తెగింది. ఆఫీసు ఫోను స్విచాఫ్, షట్టర్ దించి ఉంది. పది నెలల డబ్బు అలాగే పోయింది. రసీదు? అదే తెల్ల కాగితం.

మన ఊళ్లో తీగ తెగడం అసాధారణం కాదని మనకు తెలుసు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు షాక్‌తో ప్రాణాలు పోయాక కరెంటు స్తంభాల మీది కేబుళ్లను తొలగించడం మొదలుపెట్టారు. చాలా చోట్ల నెట్ ఆగిపోయింది, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ప్రాణాల ముందు నెట్ ఎంత? స్తంభాలు అలా బూజు పట్టినట్టు ఉండకూడదు కూడా. ఏడాది డబ్బు ముందే కట్టేవాళ్లు మాత్రం మీ ఇంటి తీగ ఏ దారిన వస్తుందో, అది తీసేస్తే మళ్లీ ఎవరి ఖర్చుతో లాగుతారో, ఆగిన రోజులను ప్లాన్‌లో కలుపుతారో లేదో అడిగి కట్టండి. జవాబు వాట్సాప్‌లో రాసి పంపమనండి. మొదటి మూడు నెలలు నెల నెలా కట్టి చూసి, నచ్చితే పెద్ద ప్లాన్‌కి మారడం నా సలహా. మేం అలాగే మారాం.

ప్లాన్‌తో పాటు ఓటీటీలు, అంటే సినిమాలు చూసే యాప్‌లు, అంటగడతారు. అవి లేకుండా అదే స్పీడు ఎంతకిస్తారో అడగండి, అడిగితే గానీ చెప్పరు. అన్‌లిమిటెడ్ అన్న మాటకు చాలా ప్లాన్లలో నెలకు 3,300 జీబీ అని హద్దుంది, మామూలు ఇంటికి అది దాటదు. వైఫైలో స్పీడు తక్కువ వస్తోందని వెంటనే ఖరీదైన రూటర్‌కి డబ్బు కట్టేయకండి. ముందు ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో రూటర్‌కి కలిపి చూడండి. అక్కడ పూర్తిగా వస్తే లైను బాగున్నట్టే. రూటర్‌ని టీవీ వెనక నుంచి తీసి హాల్లో ఎత్తుగా పెడితే సగం ఇబ్బంది తీరుతుంది.

అత్తయ్య ఫోను

మా ఇంట్లో అసలు చిక్కు నెట్ కాదు, ల్యాండ్‌లైన్. మామయ్యగారు 2005లో తీసుకున్నారు. వరంగల్‌లో ఉన్న ఆడపడుచు దగ్గర్నుంచి తెనాలిలో ఉన్న మేనత్త దాకా అందరి దగ్గరా ఉన్నది ఆ నంబరే. "నంబరు పోతే నేనున్నానో లేదో కూడా ఎవరికీ తెలియదు" అంది అత్తయ్య.

నంబరు ఉంచుకుని కంపెనీ మారే సౌకర్యం మన దేశంలో మొబైల్‌కే ఉంది, అది 2011 జనవరి నుంచి దేశమంతా నడుస్తోంది. ల్యాండ్‌లైన్‌కి లేదు. నంబరు ముఖ్యమైతే అదే కంపెనీలో రాగి తీగ నుంచి ఫైబర్‌కి మారగలరేమో ముందు అడగండి, "పాత నంబరే వస్తుంది" అని దరఖాస్తు మీద రాయించుకోండి. మాకు ఆ వీధిలో వాళ్ల ఫైబర్ లేదు. చివరికి నంబరు వదిలేశాం. ఒక ఆదివారం అంతా అత్తయ్య పాత డైరీ ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కొత్త నంబరు చెప్పింది. ఆరుగురి ఫోన్లు మోగలేదు.

రెండో చిక్కు ఎవరూ ముందు చెప్పరు. రాగి తీగ ఫోన్‌కి కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే వస్తుంది, ఆ తీగ మీదే, 48 వోల్టులు. అందుకే ఇంట్లో కరెంటు పోయినా పాత ఫోను మోగేది. ఫైబర్ గాజు తీగ, దాంట్లో వెలుతురు తప్ప కరెంటు రాదు. ఇంట్లో కరెంటు పోతే రూటర్ డబ్బా ఆగుతుంది, నెట్ ఆగుతుంది, దానికి తగిలించిన ఫోనూ మూగబోతుంది. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ఆ సాకెట్‌కే పెట్టుకోండి. మాకు లేదు కాబట్టి 12 వోల్టుల చిన్న యూపీఎస్ 1,400 పెట్టి కొన్నాను. కొనేముందు డబ్బా అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోయేదే తీసుకోండి. మార్పిడి ఖర్చులో ఈ 1,400 కూడా రాసుకోవాలి, ఏ కొటేషన్‌లోనూ ఉండదు.

పాత లైను మూయడం

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. కొత్త నెట్ రాగానే పాత మోడెమ్ తీసి అటక మీద పడేస్తారు. లైను వాడకపోతే దానంతటదే పోతుందనుకుంటారు. పోదు. నెల అద్దె పడుతూనే ఉంటుంది. ఆటోపే ఉంటే బ్యాంకు నుంచి సైలెంటుగా పోతుంది, లేకపోతే బకాయి పెరుగుతుంది.

రెండు లైన్లూ కలిపి పదిహేను రోజులు నడపండి, ఒక్క ఇరవయ్యో తారీఖైనా కొత్తదాని మీద గడవనివ్వండి. ఆపైన మూసేయమని రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. ఫోన్లో చెబితే డాకెట్ నంబరు, అంటే మీ మాట నమోదైన నంబరు, తీసుకోండి. మోడెమ్ కంపెనీదైతే అడాప్టర్, స్ప్లిటర్‌తో సహా తిరిగిచ్చి రసీదు తీసుకోండి. నేను ఈ పని మీద పాత బిల్లులు తిరగేస్తుంటే "మోడెమ్ అద్దె 50" అన్న వరస కనిపించింది. ఏడేళ్లుగా, నెల నెలా. 4,200 రూపాయలు. పద్నాలుగు షాపుల బిల్లులు భూతద్దం పెట్టి చూసే నేను, నా ఇంటి బిల్లు మొత్తం చూసి కట్టేశానే తప్ప లోపల ఏముందో చూడలేదు. సిగ్గేసింది. మీ బిల్లు ఇవాళే విప్పి చూడండి.

ఆఖరి బిల్లు వచ్చి, కట్టాకే ఆటోపే తీసేయండి. కనెక్షన్ తీసుకున్న రోజు కట్టిన డిపాజిట్ ఉంటే ఆఖరి బిల్లు అందులో మినహాయించి మిగతాది ఇస్తారు. డిపాజిట్ కాగితం పోయిందని దిగులొద్దు. చాలా బిల్లుల్లో ఎక్కడో ఒక మూల డిపాజిట్ ఎంతో అచ్చై ఉంటుంది. మాది బీరువాలో పరిచిన పేపరు కింద దొరికింది, 2,000 రూపాయలు, మామయ్యగారి సంతకంతో.

ఆ సంతకమే మమ్మల్ని నెల రోజులు తిప్పింది. మామయ్యగారు పోయి ఆరేళ్లయింది. బిల్లు కడుతున్నంతకాలం పేరు ఎవరూ అడగలేదు. మూయమన్నప్పుడు, డబ్బు ఎవరి పేరుకు వేయాలన్న ప్రశ్న వచ్చింది. మరణ ధ్రువీకరణ పత్రం, అత్తయ్య ఆధార్, పిల్లలందరి తరఫున అభ్యంతరం లేదన్న కాగితం, అత్తయ్య పేరున క్యాన్సిల్ చేసిన చెక్కు ఇచ్చాం. మరిది సంతకం కోసం ఉప్పల్‌కి రెండుసార్లు తిరిగాం. మీ ఇంటి లైను కూడా పెద్దవాళ్ల పేరునే ఉంటే, కొత్త లైను కోసం ఫోన్ చేయకముందే పేరు మార్పు మొదలుపెట్టండి.

ఎక్కడైనా ఆగిపోతే ఊరికే కస్టమర్ కేర్‌తో వాదించకండి. ముందు ఫిర్యాదు నంబరు తీసుకోండి. తేలకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారికి రాయండి. ప్రతి టెలికాం కంపెనీకీ ఆ అధికారి ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. అక్కడా కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, కేంద్రం ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్ ఉంది. నాకు అప్పీలు దాకా వెళ్లే అవసరం రాలేదు. రెండో ఉత్తరంలో మొదటి ఉత్తరం తేదీ, స్టాంపు ఫోటో పెట్టేసరికి కదిలారు.

కొత్త రూటర్ డబ్బా కింద సీరియల్ నంబరు ఉంటుంది, దాన్నీ డిపాజిట్ రసీదునూ పక్కపక్కన పెట్టి ఒక ఫోటో తీసి ఉంచుకోండి. రేపు ఈ లైనూ వదిలేసే రోజున ఆ నంబరు కలిస్తేనే 1,500 వెనక్కి వస్తుంది. నాది బిస్కెట్ డబ్బాలో ఉంది.

అత్తయ్య ఖాతాలో 1,588 పడింది. మెసేజ్ చదివి వినిపిస్తే, "మీ మామయ్య కట్టింది రెండువేలు కదే" అంది. ఆఖరి బిల్లు 412 పట్టుకున్నారని చెప్పి కాగితం చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసి తుడుచుకుని మళ్లీ ఒకసారి చదివింది. "దీంట్లో ఫోన్ అద్దె పదిహేను రోజులకేనా వేశారు, నెలకు వేశారా, సరిగ్గా చూశావా?" అని అడిగింది.

చూశాను. పదిహేను రోజులకే.